స్పీకర్ గుయ్‌మంటుంటే ఏం చేయాలి, సౌండ్ ఎంత పెట్టాలి

సాయంత్రం ఆరున్నరకి ప్రోగ్రామ్. ఆరుంబావుకల్లా క్లబ్ హౌస్‌లో కుర్చీలు వేసేశారు, పానకం బిందె వచ్చేసింది, పిల్లలు సీతారాముల వేషాల్లో అటూ ఇటూ పరుగెడుతున్నారు. మీరు మిక్సర్ ఆన్ చేసి స్పీకర్ల స్విచ్ వేశారు. గుయ్‌య్‌మ్... మైక్ ముందు ఎవరూ లేరు, పాట మొదలవలేదు, అయినా హాల్లోకి తుమ్మెద దూరినట్టు ఒకటే మోత. కమిటీ ప్రెసిడెంట్ గారు మీ వైపే చూస్తున్నారు. టెన్షన్‌లో మీరు చేతికందిన నాబ్ తిప్పడం మొదలుపెడతారు.

ఆ నాబ్ మీంచి చెయ్యి తీసేయండి. అక్కడ మొదలుపెడితే మోత పోదు, మోతతో పాటు పాట కూడా పాడవుతుంది.

నేను బెంగళూరులో మారతహళ్ళి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాను. ఉగాది, రామనవమి, వినాయక చవితి, మా తెలుగువాళ్ళ ప్రోగ్రామ్ ఏదైనా మిక్సర్ దగ్గర కూర్చునేది నేనే. నా ఉద్యోగానికీ దీనికీ సంబంధం లేదు. ఎవరో ఒకరు కూర్చోవాలని మొదటిసారి కూర్చోబెట్టారు, ఆ తర్వాత లేవనివ్వలేదు. పెద్ద పెద్ద స్టేజ్ షోలు చేసేవాళ్ళకి నేను చెప్పేదేమీ లేదు. ఒక చిన్న మిక్సర్, లోపలే ఆంప్లిఫైయర్ ఉన్న రెండు పవర్డ్ స్పీకర్లు, నాలుగైదు మైకులు, ఒక ల్యాప్‌టాప్ ఉండి, అవన్నీ నెత్తిన పడ్డ వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు చెవి పెట్టండి

స్పీకర్లోంచి అక్కర్లేని చప్పుడు ఏది వచ్చినా మనవాళ్ళు "హమ్మింగ్ వస్తోంది" అనేస్తారు. అది ఒకటి కాదు. ఏదో తెలిస్తేనే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

లోతుగా, హెచ్చుతగ్గులు లేకుండా "హుమ్‌మ్" అంటుంటే అది కరెంటు మోత. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు యాభై ఆవృత్తులు. ఆ యాభై, దాని రెట్టింపు అయిన నూరు కలిసి వినిపించేదే అసలైన హమ్. దానికంటే ముతకగా, రేకు మీద ఈగ వాలినట్టు "జుర్ర్" అంటుంటే అది బజ్. లైట్ల డిమ్మర్లు, ఎల్‌ఈడీ డ్రైవర్లు, ఛార్జర్లు, షీల్డ్, అంటే లోపలి వైర్ల చుట్టూ ఉండే లోహపు అల్లిక, తెగిన కేబుళ్ళు ఇలా అరుస్తాయి. "స్‌స్‌స్" అని ఇసుక జారినట్టుంటే అది కరెంటు తప్పు కాదు, మీరు సౌండ్ పెట్టిన తీరులో తప్పు. దాని సంగతి చివర్లో చెప్తాను. "టిడిటిడిట్" అని ఆగి ఆగి వస్తే ఎవరిదో ఫోన్ కేబుల్ పక్కనుంది. ఫోన్ తీసి జేబులో పెట్టుకోమనండి, అంతే.

"కూ..." అని పెరుగుతూ పోయేది ఫీడ్‌బ్యాక్. ఒక్కోసారి ఇది కూడా లోతుగా, "ఊమ్" అంటూ వచ్చి హమ్ అనిపించి మోసం చేస్తుంది. తేడా కనిపెట్టడం తేలిక: మైక్‌ని పక్కకి తిప్పండి. చప్పుడు మారినా, ఆగినా అది ఫీడ్‌బ్యాక్. హమ్ మైక్ ఎటు తిరిగినా పట్టించుకోదు.

ఎర్త్ జోలికి వెళ్ళకండి

వెతకడం మొదలుపెట్టే ముందు ఒక్క మాట. దీని విషయంలో మాత్రం మొహమాటపడకండి.

ఒక రామనవమికి మా హాల్లో ఇలాగే మోత వస్తుంటే, ఎలక్ట్రీషియన్ ఒకాయన నింపాదిగా వచ్చి, విని, "అర్త్ పిన్ కిత్తాకి సార్, సరిహోగుత్తె" అన్నాడు. ఎర్త్ పిన్ పీకేయండి, సరిపోతుందని. నిజం చెప్పాలంటే సరిపోతుంది కూడా. మోత ఆగుతుంది. అందుకే ఈ సలహా ఇంతకాలం బతికింది. త్రీ పిన్ ప్లగ్‌ని టూ పిన్‌గా మార్చే అడాప్టర్ పెట్టడం, ప్లగ్ పైన ఉన్న లావు పిన్నుకి టేప్ చుట్టడం, అన్నీ ఇదే కోవలోవి.

కానీ ఆ లావు పిన్ను ఉన్నది సౌండ్ కోసం కాదు. లోపల ఎక్కడైనా ఫేజ్ వైరు ఊడి ఇనుప పెట్టెకి తగిలితే, ఆ కరెంటు మనిషి ఒంట్లోంచి పోకుండా ఎర్త్‌లోకి పోయి ఫ్యూజ్ కొట్టేయడానికి. ఇప్పుడు స్టేజ్ మీద ఊహించుకోండి: ఎర్త్ పీకేసిన గిటార్ ఆంప్లిఫైయర్ ఒకటి. గిటార్ తీగలు ఆంప్ పెట్టెతో కలిసి ఉంటాయి. ఇటు మైక్ ఇనుప జాలీ మిక్సర్ ద్వారా ఎర్త్‌తో కలిసి ఉంటుంది. ఆంప్‌లో ఫేజ్ ఊడితే, అబ్బాయి ఒక చేత్తో తీగలు పట్టుకుని పెదాలు మైక్‌కి ఆనించిన క్షణాన దారి పూర్తవుతుంది. ఆ దారి అతని గుండెలోంచి. ఇలా ప్రాణాలు పోయిన వాళ్ళున్నారు. మోత ఉంటే ఉండనివ్వండి, పిన్ మాత్రం ఉండాలి.

మల్టీమీటర్ వాడటం వచ్చినవాళ్ళు సాకెట్‌ని ఒకసారి చూడొచ్చు. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టుల దరిదాపుల్లో, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు చూపించాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య పదులు చూపిస్తే ఆ సాకెట్ వదిలేయండి. మీటర్ అలవాటు లేకపోతే ఆ పని ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. బిల్డింగ్‌లో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు కారితే సప్లై ఆపేసే స్విచ్, పదే పదే పడిపోతుంటే అది చాదస్తం కాదు, ఎక్కడో కరెంటు కారుతోందని చెప్తోంది.

సగం సగం చేసి వెతకండి

సౌండ్ ఒక వరసలో పోతుంది: మైక్, కేబుల్, మిక్సర్ ఛానెల్, మాస్టర్, స్పీకర్ కేబుల్, స్పీకర్. మోత ఈ వరసలో ఎక్కడో ఒకచోట దూరింది. చివరి నుంచి మొదటికి నడుచుకుంటూ వస్తే రెండు మూడు నిమిషాల్లో దొరుకుతుంది. అప్పటిదాకా ఈక్వలైజర్ ముట్టుకోకండి.

మొదటి పని: మిక్సర్‌లో మాస్టర్ ఫేడర్, అంటే మొత్తం సౌండ్‌ని పెంచి తగ్గించే జారుడు మీట, పూర్తిగా దించేయండి. మోత ఇంకా అలాగే ఉందా? అయితే దొంగ మిక్సర్ తర్వాత ఉన్నాడు. స్పీకర్ వెనక ఉన్న లెవెల్ నాబ్ తగ్గించి, దానికి వచ్చే కేబుల్ ఊడదీసి, నాబ్ మళ్ళీ మెల్లగా పెంచండి. కేబుల్ లేకపోయినా మోగుతుంటే రోగం స్పీకర్‌లోనే ఉంది. ప్రోగ్రామ్ మధ్యలో అది మీవల్ల కాదు, ఇంకో స్పీకర్ చూసుకోండి. కేబుల్ తీయగానే ఆగిందంటే ఆ కేబుల్ అయినా కావాలి, మిక్సర్‌కీ స్పీకర్‌కీ మధ్య ఎర్త్ గొడవ అయినా కావాలి. ముందు కేబుల్ మార్చి చూడండి. నా అనుభవంలో మోత మిక్సర్ తర్వాత ఉన్న కేసుల్లో సగం ఇక్కడే తేలిపోతాయి.

మాస్టర్ దించగానే మోత ఆగిందా? మంచిది, దొంగ మిక్సర్‌కి ఇవతల ఉన్నాడు. అన్ని ఛానెళ్ళూ మ్యూట్ చేసి మాస్టర్ మాత్రం మామూలు స్థాయికి తెండి. నిశ్శబ్దంగా ఉంటే ఒక్కొక్క ఛానెల్ మ్యూట్ తీస్తూ రండి. ఏది తీయగానే గుయ్‌మంటుందో అదే. అన్నీ మ్యూట్‌లో ఉన్నా మోగుతుంటే ఎఫెక్ట్స్ రిటర్న్, వెనకవైపు టేప్ ఇన్ లాంటి మర్చిపోయిన దారులు చూడండి. బ్లూటూత్ రిసీవర్ ఎవరో అక్కడ గుచ్చి వదిలేసి ఉంటారు.

దొరికిన ఛానెల్‌ మళ్ళీ మ్యూట్ చేసి, మైక్ వైపు నుంచి కేబుల్ ఊడదీసి, మ్యూట్ తీసి వినండి. ఆగితే దోషం మైక్‌ది లేదా ఆ వాయిద్యానిది. ఆగకపోతే కేబుల్‌ది, లేదా ఆ ఛానెల్‌ది. అదే కేబుల్ ఇంకో ఛానెల్‌లో పెట్టి చూస్తే ఆ రెండింట్లో ఎవరో తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. ఏ కేబుల్ తీసినా, పెట్టినా ఆ ఛానెల్ మ్యూట్‌లో ఉండాలి. ఫాంటమ్ పవర్ అంటే కొన్ని మైకుల కోసం మిక్సర్ కేబుల్‌లోంచే పంపే 48 వోల్టులు. అది ఆన్‌లో ఉండగా కేబుల్ లాగితే స్పీకర్లు "ఢబ్" మంటాయి, ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ళు ఉలిక్కిపడతారు.

ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్, నేను

అపార్ట్‌మెంట్ ప్రోగ్రాముల్లో పదిసార్లలో ఏడెనిమిది సార్లు మోతకి కారణం ల్యాప్‌టాపే. పిల్లల డ్యాన్సులన్నీ ట్రాకుల మీదే కదా. అందుకే దీని దగ్గర కాస్త ఆగుతాను.

ఇందాక చెప్పిన రామనవమి రోజు జరిగింది ఇదీ. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద పెట్టి టెస్ట్ చేశాను, శుభ్రంగా ఉంది. ఛార్జర్ గుచ్చాను, సన్నగా "జీ" అంది. పర్వాలేదులే అనుకున్నాను. వెనక తెర మీద భద్రాచలం ఫొటోలు వేయాలని ఎవరో ప్రొజెక్టర్ హెచ్‌డీఎంఐ కేబుల్ తెచ్చి ల్యాప్‌టాప్‌కి గుచ్చారు. గుచ్చీ గుచ్చగానే హాలంతా హోరు. కేబుల్ పీకితే ఆగింది, పెడితే వచ్చింది. ఇంతకంటే స్పష్టంగా ఏ దొంగా దొరకడు.

కారణం ఇది. ప్రొజెక్టర్ సీలింగ్‌కి ఉంది, దాని కరెంటు హాలు వెనక సాకెట్ నుంచి. మిక్సర్ కరెంటు స్టేజ్ పక్క సాకెట్ నుంచి. రెండు చోట్లా ఎర్త్ ఉంది కానీ రెండు ఎర్త్‌లూ అచ్చంగా ఒకే వోల్టేజ్‌లో ఉండవు, చిన్న తేడా ఉంటుంది. మామూలుగా ఆ తేడాతో ఇబ్బంది లేదు. హెచ్‌డీఎంఐ కేబుల్ షీల్డ్, ల్యాప్‌టాప్, ఆడియో కేబుల్ షీల్డ్ కలిసి ఆ రెండు ఎర్త్‌లకీ మధ్య ఇంకో దారి వేశాయి. గుండ్రంగా ఒక ఉచ్చు తయారైంది. అందులో 50 హెర్ట్జ్ కరెంటు తిరగడం మొదలైంది. ఆడియో కేబుల్‌లో షీల్డే పాటకి తిరుగు దారి కూడా కాబట్టి, అందులో తిరిగేదంతా పాటతో కలిసి మిక్సర్‌లోకి వచ్చేసింది. గ్రౌండ్ లూప్ అనేది ఇదే.

చేయాల్సినవి రెండు. మొదటిది ఖర్చు లేనిది: మిక్సర్, ల్యాప్‌టాప్, వీలైతే ప్రొజెక్టర్, స్టేజ్ స్పీకర్లు అన్నింటికీ కరెంటు ఒకే చోటు నుంచి తీసుకోండి. ఒక మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఎర్త్ ఉన్నది, ఒకే 16 ఆంపియర్ల సాకెట్‌కి. 230 వోల్టుల దగ్గర అది దాదాపు 3700 వాట్లు ఇస్తుంది. స్పీకర్ల మీద వెయ్యి వాట్లని రాసి ఉన్నా అవి ఎప్పుడూ అంత లాగవు కాబట్టి మన చిన్న సెట్టుకి సరిపోతుంది. టీ కెటిల్, పెడెస్టల్ ఫ్యాన్, సీరియల్ లైట్లు మాత్రం ఆ బోర్డు మీద పెట్టనివ్వకండి. ఎవరో ఒకరు ఫోన్ ఛార్జర్ పట్టుకుని వస్తారు, వాళ్ళని కూడా.

రెండోది డీఐ బాక్స్, ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్య పెట్టే చిన్న పెట్టె. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ దొరికే ఎస్పీ రోడ్‌లో అడిగితే చూపిస్తారు. చెన్నైలో ఉన్నవాళ్ళకి రిచీ స్ట్రీట్. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ రకం తీసుకోండి. ల్యాప్‌టాప్‌కైతే స్టీరియోది, అంటే రెండు ఛానెళ్ళది. ట్రాన్స్‌ఫార్మర్‌లో పాట అయస్కాంత క్షేత్రంగా దూకుతుంది, రాగి తీగ అటు నుంచి ఇటు కలవదు. దాని మీద "గ్రౌండ్ లిఫ్ట్" అనే చిన్న స్విచ్ ఉంటుంది. అది నొక్కితే ఆడియో కేబుల్‌లోని షీల్డ్ దారి తెగుతుంది, ఉచ్చు విడిపోతుంది. ప్లగ్‌లో ఎర్త్ పిన్ను మాత్రం చక్కగా తన చోట తను ఉంటుంది. ఎలక్ట్రీషియన్ అన్న పని ఇదే చేస్తుంది, కాకపోతే ఎవరూ చావకుండా. ఆ రోజు నా దగ్గర డీఐ లేదు. ఫొటోలు మానేసి, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిపాను. వారం తిరక్కుండా ఎస్పీ రోడ్‌కి వెళ్ళాను.

ల్యాప్‌టాప్ దగ్గర ఇంకో మాయ ఉంది, ఇది హమ్ కాదు కానీ అప్పుడే బయటపడుతుంది. ఇయర్‌ఫోన్ జాక్ నుంచి మైక్ కేబుల్‌కి ఉండే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్‌కి, లేదా స్టీరియో జాక్‌కి మార్చే కేబుల్ ఒకటి పెట్టి మిక్సర్ మైక్ ఛానెల్‌లోకి నేరుగా గుచ్చేస్తారు. పాట వస్తుంది, గాయకుడి గొంతు మాత్రం మాయం! పాడైన ఫైల్ అనుకుని ఇంకో పాట వేస్తారు, అందులోనూ గొంతు ఉండదు. జరిగేదేమిటంటే, బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ రెండు వైర్ల మధ్య తేడానే తీసుకుంటుంది. మీరు ఒక వైరులో ఎడమ, ఇంకో వైరులో కుడి పంపారు. గొంతు రెండింట్లోనూ సమానంగా ఉంటుంది కాబట్టి తీసివేతలో సున్నా అవుతుంది. ఆ కేబుల్ పక్కన పడేసి, రెండుగా చీలే కేబుల్‌తో స్టీరియో ఛానెల్‌లోకి గానీ డీఐలోకి గానీ ఇవ్వండి. పైగా ఆ మైక్ ఛానెల్‌లో ఫాంటమ్ ఆన్‌లో ఉంటే 48 వోల్టులు ఎవరి ల్యాప్‌టాప్‌లోకి పోతున్నాయో మీరే ఆలోచించుకోండి.

ఈ తీసివేతే మంచి పనీ చేస్తుంది. ఎక్స్‌ఎల్‌ఆర్‌లో ఒకటో పిన్ను షీల్డ్, రెండోది నేరుగా, మూడోది తలకిందులుగా. దారిలో దూరిన మోత రెండు, మూడు వైర్లలో ఒకేలా పడుతుంది కాబట్టి మిక్సర్‌లో తీసివేతకి పోతుంది. అందుకే యాభై అడుగుల మైక్ కేబుల్ నిశ్శబ్దంగా ఉంటుంది, ఇరవై అడుగుల కీబోర్డు కేబుల్ గొణుగుతుంది. రెండు నల్ల గీతలున్న జాక్ స్టీరియో రకం, ఒక్క గీత ఉంటే మోనో రకం. మిక్సర్ నుంచి స్పీకర్‌కి పోయే కేబుల్ ఒక్క గీతదైతే, మోతకి మీరే తలుపు తీసి పెట్టారు.

మిగిలిన దొంగలు

కేబుళ్ళు: మైక్ కేబుల్‌నీ కరెంటు వైరునీ కలిపి టేప్ చేయకండి. ఒక అడుగు ఎడం ఉంచండి. దాటక తప్పకపోతే ప్లస్ గుర్తులా అడ్డంగా దాటించండి. మిగిలిన వైరుని చుట్టగా చుట్టి ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టే అలవాటు చాలామందికి ఉంది, మానేయండి.

గిటార్: సింగిల్ కాయిల్ పికప్, అంటే ఒకే తీగచుట్టతో తీగల కదలికని పట్టేది, ఉన్న గిటార్ ఎర్త్ బాగున్నా గొణుగుతుంది. వాయించే అబ్బాయిని మెల్లగా చుట్టూ తిరగమనండి. ఒక దిక్కులో మోత తగ్గుతుంది. అటు తిరిగి నిలబడితే చాలు.

వీణ, వయొలిన్ పికప్‌లు: వాయిద్యం ఒంటికి అంటించే కాంటాక్ట్ పికప్‌ని నేరుగా మిక్సర్ లైన్‌లోకి ఇస్తే సౌండ్ పల్చగా, రేకు డబ్బాలా వస్తుంది, దాంతో గెయిన్, అంటే ఛానెల్‌లోకి వచ్చే సిగ్నల్‌ని మొదట్లోనే పెంచే నాబ్, పెంచుతారు, మోతా పెరుగుతుంది. దీనికి ప్రీఆంప్ గానీ, ఎక్కువ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ ఉన్న యాక్టివ్ డీఐ గానీ కావాలి. లేకపోతే మొహమాటం లేకుండా పికప్ తీసేసి ముందు మైక్ పెట్టండి. నాకైతే వీణకి మైకే బాగుంటుంది, విద్వాంసులు ఒప్పుకుంటే.

శ్రుతి పెట్టె: ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టి, ఛార్జింగ్‌లో ఉంచి, మిక్సర్‌కి కలుపుతారు. ఛార్జర్ తీసేయండి, అంతే.

లైట్లు: డెకరేషన్ వాళ్ళు డిమ్మర్ తిప్పినప్పుడల్లా బజ్ స్వరం మారుతుంటే సందేహమే అక్కర్లేదు. లైట్లకి వేరే సాకెట్, వీలైతే వేరే ఫేజ్ ఇమ్మనండి. కరెంటు పోయి జనరేటర్ మీదికి మారాక మోత మొదలైతే అది జనరేటర్ ఎర్త్ సంగతి, బిల్డింగ్ వాళ్ళకి చెప్పాల్సిన పని.

ఇప్పుడు సౌండ్ పెట్టండి

మోత పోయింది, లేదా మీరు భరించగలిగేంత తగ్గింది. ఇక వాల్యూమ్. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు: స్పీకర్ వెనక నాబ్ ఫుల్, మాస్టర్ సగం, ఛానెల్ గెయిన్ భయంభయంగా కొంచెం. ఇలా చేస్తే మైక్ నుంచి వచ్చే చిన్న శబ్దం చిన్నగానే ఉండిపోతుంది, దాని తర్వాత ఉన్న ప్రతి సర్క్యూట్ గొణుగుడూ స్పీకర్‌లో పెద్దదై వస్తుంది. ఇందాక ఆపిన "స్‌స్‌స్" పుట్టేది ఇక్కడే. పెంచాల్సింది మొదట్లో, పుట్టినచోట.

స్పీకర్ల నాబ్‌లు కిందికి దించండి. స్పీకర్ వెనక మైక్, లైన్ అని స్విచ్ ఉంటే లైన్‌లో పెట్టండి. మైక్‌లో వదిలేసి, "ఎంత తగ్గించినా అరుస్తోంది" అని నేనొకసారి గంటసేపు తల పట్టుకున్నాను.

పాడే ఆవిడని మైక్ ముందుకి పిలవండి. "హలో, హలో, వన్ టూ త్రీ" వద్దు. హలో చెప్పే గొంతు వేరు, పాడే గొంతు వేరు. "అనుపల్లవిలో పైకి వెళ్ళే చోటు పాడండి అమ్మా" అని అడగండి. ఆవిడ పాడుతుండగా ఆ ఛానెల్ ఒక్కదాన్నే మీటర్‌లో చూపించే పీఎఫ్‌ఎల్ బటన్ నొక్కి, గెయిన్ మెల్లగా పెంచండి. మామూలు అనలాగ్ మిక్సర్‌లో మీటర్ సున్నా దగ్గర ఆడాలి, గట్టిగా అన్నప్పుడు +6 దాకా పోవచ్చు. డిజిటల్ మిక్సర్‌లో సున్నా అంటే పైకప్పు. అక్కడ సగటున –18 దగ్గర, పైకి –6 దాటకుండా చూడండి. ఎర్ర లైటు ఎప్పుడో ఒకసారి మెరిసినా కొంచెం తగ్గించండి. అసలు స్టేజ్ మీద జనాన్ని చూడగానే అందరూ రిహార్సల్ కంటే గట్టిగా పాడతారు, ఆ చోటు ముందే వదలాలి.

ఇప్పుడు ఛానెల్ ఫేడర్ సున్నా గీతకి, మాస్టర్ కూడా సున్నా గీతకి. ఈ సున్నా అట్టడుగున కాదు, పైవైపు ఉంటుంది. చివరగా స్పీకర్ నాబ్ మెల్లగా పెంచుతూ హాల్లో సరిపడా వచ్చినచోట ఆపండి. అది గడియారంలో పది అంకె ఉండే చోట ఆగినా ఫర్వాలేదు. ఆ నాబ్‌ని పైకి తిప్పితే స్పీకర్‌కి బలం రాదు, ఎంత చిన్న సిగ్నల్‌కి అది పూర్తిగా మోగాలో మాత్రమే మారుతుంది. ఫేడర్ సున్నా దగ్గర ఉంచమనడానికి ఇంకో కారణం ఉంది. అక్కడ గీతలు దూరం దూరంగా ఉంటాయి, వేలు కొద్దిగా కదిపితే కొద్దిగానే మారుతుంది. అట్టడుగున వేలు వణికితే పది డెసిబెల్స్ పోతాయి.

మిగతా మైకులకీ ఇదే. మృదంగం తప్ప అన్ని మైకులకీ 80 లేదా 100 హెర్ట్జ్ "లో కట్", అంటే అంతకంటే లోతైన శబ్దాలని తగ్గించే బటన్, నొక్కండి. ఊపిరి దెబ్బలు, స్టేజ్ మీద అడుగుల చప్పుడు తగ్గుతాయి. దీంతో హమ్ కూడా పోతుందని కొందరు మురుస్తారు. 50 కొంచెం తగ్గుతుంది, 100, 150 దాదాపు అలాగే ఉంటాయి, కాబట్టి మురవకండి. మృదంగానికి రెండు వైపులా రెండు మైకులుంటే తొప్పి వైపు గెయిన్ చాలా తక్కువతో మొదలెట్టండి.

ల్యాప్‌టాప్‌లో ప్లేయర్ వాల్యూమ్ ఫుల్, సిస్టమ్ వాల్యూమ్ ముప్పాతిక. దాని తర్వాత మిక్సర్‌లో గెయిన్ పెట్టండి. ల్యాప్‌టాప్‌లో పావు వంతు పెట్టి మిక్సర్‌లో లాగితే ఛార్జర్ "జీ" మళ్ళీ పలకరిస్తుంది. నోటిఫికేషన్లు ఆపేయడం మర్చిపోకండి. మా దగ్గర శివతాండవం మధ్యలో ఎవరో మెసేజ్ పెట్టారు, "టింగ్".

ఫీడ్‌బ్యాక్ గురించి రెండు లెక్కలు గుర్తుంచుకుంటే చాలు. పాడేవాళ్ళు మైక్‌కి ఉన్న దూరాన్ని సగం చేస్తే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, మీరు నాబ్ ముట్టక్కర్లేదు. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైతే కూత రావడానికి ముందు మీకున్న జాగాలో 3 డెసిబెల్స్ పోతాయి. కాబట్టి "అమ్మా, మైక్ దగ్గరగా పట్టుకోండి" అని మళ్ళీ మళ్ళీ చెప్పాలి, మాట్లాడని మైకులు మ్యూట్ చేయాలి. యాంకర్ మైక్ తలని గుప్పిట్లో మూసి పట్టుకుంటే కూత ఖాయం. ఆ మాట చెప్పడానికి నాకు ఇప్పటికీ మొహమాటమే, కానీ చెప్తాను. మెయిన్ స్పీకర్లు మైకుల కంటే ముందుకి, జనం వైపు ఉండాలి. పాడేవాళ్ళు తమ గొంతు వినడానికి పెట్టే మానిటర్ స్పీకర్ మామూలు స్టేజ్ మైక్‌కి సరిగ్గా వెనక వైపు నుంచి చూడాలి. మానిటర్‌కి పంపే ఆక్స్ ప్రీ ఫేడర్‌లో, అంటే ఫేడర్ కదిపినా మారకుండా, ఉంచండి. లేకపోతే మీరు హాలు కోసం ఫేడర్ తగ్గించినప్పుడల్లా పాడే ఆవిడకి శ్రుతి వినిపించక మీ వైపు చేతులూపుతారు.

ఒక పాట అయ్యేలోపు కుర్చీలోంచి లేచి హాలు వెనక దాకా ఒకసారి నడిచి రండి. ఖాళీ హాల్లో గణగణమన్నది, జనం నిండాక మెత్తబడుతుంది. మనుషులు, పట్టుచీరలు అన్నీ శబ్దాన్ని పీలుస్తాయి. కొంచెం పెంచాల్సి రావచ్చు. ముందు వరసలో చెవులు మూసుకుంటున్నారంటే, వెనక వరస వాళ్ళు "సౌండ్ లేదు" అన్నా పెంచకండి. స్పీకర్లని స్టాండ్ మీద ఇంకాస్త ఎత్తు లేపండి, తలల మీదుగా వెనక్కి చేరుతుంది.

ఆరుబయట వినాయక మండపమైతే చుట్టుపక్కల ఇళ్ళున్నాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్ స్పీకర్‌కి అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట వాడకూడదు. పండగలకి కొన్ని రోజులు అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలించవచ్చు. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్, బహిరంగ స్థలమైతే దాని సరిహద్దు దగ్గర స్పీకర్ వల్ల దానికి పది మించి పెరగకూడదు. ఫోన్‌లో మీటర్ యాప్ కచ్చితంగా చూపించదు, కానీ గేటు దగ్గర నిలబడి చూస్తే ఎటు పోతున్నామో తెలుస్తుంది. తొమ్మిదిన్నరకి నేను మాస్టర్ రెండు గీతలు దించేస్తాను. ఎవరూ గమనించరు.

అంతా అయ్యాక ముందు స్పీకర్లు ఆఫ్, తర్వాత మిక్సర్. వేసేటప్పుడు దీనికి వ్యతిరేకం, స్పీకర్లు చివర. సాయంత్రం దొరికిన చెడ్డ కేబుల్‌ని మిగతావాటితో కలిపి సంచిలో వేసేయకండి. నేను దాని మధ్యలో ఒక ముడి వేసి విడిగా పెడతాను. ముడి కనిపించని కేబుళ్ళే వచ్చే పండక్కి సంచిలోంచి బయటికి వస్తాయి. ముడి ఉన్నవి ఆదివారం సోల్డరింగ్ ఐరన్ ముందుకి.